లారీ రాదు, గుర్రాలను నడిపించుకుని వెళ్ళు

అమ్మాయీ,

లారీ ఇక రాదు. డ్రైవరు చెయ్యి విరగ్గొట్టాను. నువ్వు దాణా తేవడానికి వెళ్ళాక వాడు మన ముసలి గుర్రం గయ్యాళిని, లారీ ఎక్కలేదని, ఇనుప గొలుసుతో మొహం మీద కొట్టాడు. "నాలుగు తగిలిస్తే అదే ఎక్కుతుంది పెద్దాయనా" అని నవ్వాడు. ఆ గొలుసే లాక్కుని నాలుగూ వాడికే తగిలించాను. మోచెయ్యి పటుక్కుమంది. నాకేమీ విచారం లేదు. వాణ్ణి మంచివాడని పిలిచింది నువ్వు. అది మాత్రం మరిచిపోను.

పోలీసులు ఇక్కడికి వస్తే ప్రయాణం ఆగిపోతుంది. అందుకే నేనే స్టేషనుకు వెళ్తున్నాను. నా కోసం ఆగకు. రేపు పొద్దున ఈ కొట్టానికి కొత్తవాళ్ళు వస్తారు. సామాను వదిలెయ్యి, గుర్రాలు మూడింటినీ తీసుకుని ఇప్పుడే బయలుదేరు. కొత్త ఇంటికి రెండు రోజుల నడక. దారిలో ఎవడైనా వాటి మీద చెయ్యి వేస్తే కర్ర వాడు, మాటలు వద్దు.

గయ్యాళికి ఎడమ కన్ను నెత్తురు కట్టి మూసుకుపోయింది. నువ్వు ఆ పక్కనే నడువు. వంతెన మీద లారీల చప్పుడుకు మొండికేస్తుంది. కొట్టకు. మీ అమ్మ తిట్టినట్టు గట్టిగా తిట్టు, కదులుతుంది.

నాన్న

నీ గొంతు అచ్చం మీ అమ్మదే. ఆమె పోయినప్పటినుంచి నువ్వు పలకరిస్తే నేను లేచి బయటికి వెళ్ళిపోయేది అందుకే. గుర్రం మాత్రం నాలా వెళ్ళిపోదు.