ఏదీ తిరగని కంప్యూటర్

జూన్ 2, సోమవారం

పోయింది. పొద్దున స్విచ్ వెయ్యగానే టప్పుమంది. కాలిన వాసన, వెనక నుంచి సన్నగా పొగ. ప్లగ్ పీకేసి కిటికీ తెరిచాను.

ఆయన కంప్యూటర్. ఆయన పోయి ఏడాది దాటింది, ఇది ఇవాళ పోయింది. నాకు ఏడుపు రావాలి కదా, రాలేదు. పీడ విరగడైందనుకున్నాను. అనుకున్నందుకు నన్ను నేనే నాలుగు తిట్టుకున్నాను.

నా బాధ నాది. ఆయన పోయాక నాకు దొరికిన పని ఇదొక్కటే, ఆడియో పుస్తకాలు చదవడం. మైకు ముందు కూర్చుని నేను చదువుతాను, కంపెనీ ఎడిటర్ అమ్మాయి వింటుంది. విన్న ప్రతిసారీ ఒకటే పాట, వెనక హమ్ వస్తోంది మేమ్ అని. ఆ హమ్ ఈ డబ్బాదే. లోపల ఫ్యాన్ ఒకటి రోజంతా గుయ్యిమంటూ తిరిగేది. ఆయన బతికున్నప్పుడూ అంతే. రాత్రీ పగలూ ఇళ్ల ప్లాన్లు గీసుకుంటూ కూర్చునేవారు, ఆ రొద గోడ దాటి అత్తయ్య గదిలోకి కూడా వినిపించేది.

ఏమైందని అత్తయ్య గోడ అవతల నుంచే అడిగారు. కంప్యూటర్ పోయిందన్నాను. మంచం కిర్రుమంది. తర్వాత, బాగు చేయిస్తావుగా అన్నారు.

జూన్ 3, మంగళవారం

మెకానిక్ వచ్చి విప్పి చూశాడు. ఎస్సెమ్పీఎస్ పోయిందట. అంటే కరెంటు లోపలికి తీసుకుని అన్నిటికీ పంచే డబ్బా. పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోయిందట. దీని మీద ఇంక డబ్బు తగలెయ్యకండి, కొత్తది కొనుక్కోండన్నాడు. ఈసారైనా ఎస్సెమ్పీఎస్ దగ్గర కక్కుర్తి పడొద్దన్నాడు. నేనెప్పుడు పడ్డాను? కొన్నది ఆయన.

ఫ్యాన్లోంచి గుప్పెడు దుమ్ము తీసి కింద పోశాడు. బూడిద రంగు దుమ్ము, మధ్యలో ఒక వెంట్రుక. పొట్టిది, నాది కాదు.

అతను వెళ్లాక చీపురు తెచ్చాను గానీ ఊడవడానికి చెయ్యి రాలేదు. కాగితంలో పొట్లం కట్టి డ్రాయర్లో పెట్టాను. ఇంతకీ నేనిప్పుడు చదువుతున్న పుస్తకం ఏమిటంటే, ఇంట్లో అక్కర్లేనివి వదిలించుకోవడం ఎలా. మూడు చాప్టర్లయ్యాయి. ఒక్క ముక్క వంటబట్టలేదు.

జూన్ 5, గురువారం

షాపాయన బుర్ర తినేశాడు. గేమింగా మేడమ్, ఎడిటింగా మేడమ్, లోపల రంగు లైట్లు కావాలా మేడమ్. నాకు లైట్లొద్దు నాయనా, లోపల ఏదీ తిరక్కూడదు, అది చాలన్నాను. విచిత్రంగా చూశాడు గానీ పని తెలిసినవాడే. హార్డ్ డిస్క్ వద్దు, తిరగనిది వేద్దామన్నాడు. చిన్న ప్రాసెసర్, దాని నెత్తిన ఫ్యాన్ బదులు పెద్ద లోహపు దిమ్మ. ఇక తిరిగేదల్లా ఎస్సెమ్పీఎస్ ఫ్యాన్ ఒక్కటే అన్నాడు.

ఎన్ని వాట్స్ అనే దగ్గర పేచీ వచ్చింది. ఏడొందల యాభై తీసుకోండి, ముందుముందు పనికొస్తుందన్నాడు. నా మెషీన్ మొత్తం కలిపి రెండొందలు కూడా తినదని వాడే లెక్క చెప్పాడు. మరెందుకయ్యా అంటే మళ్లీ అదే మాట, ముందుముందు.

ఆయనా ఇంతే. ముగ్గురం ఉన్న ఇంటికి పదిమంది కుక్కర్. అత్తయ్యకి రెండు సైజులు పెద్ద చెప్పులు. అన్నీ ముందుముందుకే. ఆ ముందుముందు మొత్తం నా నెత్తిన పడేసి తను వెళ్లిపోయాడు.

నాలుగొందల యాభై వాట్స్‌ది తీసుకున్నాను. అట్టపెట్టె మీద సైలెంట్ అని పెద్ద అక్షరాలతో ఉంది.

జూన్ 7, శనివారం

కొత్త కంప్యూటర్ బిగించారు. స్విచ్ వేశాను. యూపీఎస్ ఎప్పట్లాగే కుయ్యిమంది, తర్వాత ఏమీ లేదు. చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు! గదిలో గెంతాను. నలభై మూడేళ్లదాన్ని, గెంతాను.

అత్తయ్య తలుపు దగ్గరికొచ్చి, పని చెయ్యట్లేదా అని అడిగారు. బ్రహ్మాండంగా చేస్తోందన్నాను. ఓహో అని వెళ్లిపోయారు.

నాలుగో చాప్టర్ చదివి పంపేశాను.

జూన్ 9, సోమవారం

హమ్ ఉందట.

ఎడిటర్ అమ్మాయి మీద ఒళ్లు మండింది. నీ చెవుల్లో ఉందేమో చూసుకోమనబోయి ఆగాను. చాప్టర్ మొదట్లో మేం ఖాళీ గదిని రికార్డు చేస్తాం. ఎవరూ మాట్లాడకుండా, ఊరికే గది. అది సౌండ్ బాగా పెంచి విన్నాను.

ఉంది.

జూన్ 10, మంగళవారం

కంప్యూటర్ కట్టేసి, ఫోనుతో గదిని రికార్డు చేశాను. లేదు. కంప్యూటర్ వేసి, అదే ఫోనుతో చేశాను. ఉంది. అంటే డబ్బాదే, ఇంక అనుమానమే లేదు.

కానీ ఒకటి రాయాలి. పాత కంప్యూటర్ రోజుల ఫైలు ఒకటి తీసి పక్కన పెట్టి చూశాను. స్క్రీన్ మీద రొద గీతలా కనిపిస్తుంది కదా. రెండు గీతలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. పాతదానిదీ కొత్తదానిదీ ఒకటే శ్రుతి. అన్ని ఫ్యాన్లూ ఒకలాగే మోగుతాయి కాబోలు.

కాబోలు అని రాశాను గానీ నేనే నమ్మట్లేదు.

జూన్ 12, గురువారం

ఎస్సెమ్పీఎస్ డబ్బా మార్చాను. ఈసారి ఆరొందల యాభై వాట్స్‌ది, గోల్డ్ రకం, కరెంటు వృథా తక్కువట. వేడెక్కితేగానీ ఫ్యాన్ తిరగదు, మీ మెషీన్‌కి అది ఎప్పటికీ వేడెక్కదన్నాడు షాపాయన. వాట్స్ ఎక్కువగా ఉండటం మంచిదని చెప్పలేదా అని ఒక నవ్వు కూడా పారేశాడు. నవ్వుకోనీ.

జూన్ 14, శనివారం

ఉంది. అదే గీత.

ఎడిటర్ అమ్మాయి మెల్లగా చెప్పింది. వాళ్ల పెద్దాయన విసిగిపోయాడట. నెలాఖరులోగా శుభ్రమైన ఫైలు రాకపోతే పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తారట. మీ గొంతంటే నాకిష్టం మేమ్ అంది. గొంతుతో కడుపు నిండుతుందా? ఈ ఇంట్లో రెండు కడుపులున్నాయి.

అత్తయ్యకి చెప్పలేదు. ఆవిడ ఈమధ్య మధ్యాహ్నం హాయిగా గదిలో ఉంటున్నారు. కంప్యూటర్ పోయిన ఐదు రోజులూ ఇల్లంతా తిరిగారు గానీ, ఇప్పుడు బాగున్నారు.

జూన్ 16, సోమవారం

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఎర్త్ బాగుందట. వైరింగ్ బాగుందట. మీకే ఏదో అనుమానం అన్నాడు. అందరూ బాగున్నారు, నేనే బాగాలేను.

జూన్ 20, శుక్రవారం

షాపాయన ఇప్పుడు నవ్వట్లేదు. అసలు ఫ్యానే లేని ఎస్సెమ్పీఎస్ తెప్పించాడు. ఒళ్లంతా చిల్లులు, వేడి వాటంతటదే బయటికి పోతుందట. చేత్తో పట్టుకుని ఊపి చూశాను, లోపల ఏదీ కదల్లేదు. ఇప్పుడు మీ కంప్యూటర్లో తిరిగే వస్తువంటూ లేదు మేడమ్, ఇందులోంచి కూడా శబ్దం వస్తే ఇంక నా దగ్గరికి రాకండి, ఇంకెవరి దగ్గరికైనా వెళ్లండి అన్నాడు. ఎవరి దగ్గరికని నేను అడగలేదు.

జూన్ 21, శనివారం

ఉంది.

జూన్ 21, సాయంత్రం

ఖాళీ గదిని ఈసారి బాగా ఎక్కువసేపు రికార్డు చేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, సౌండ్ చివరిదాకా పెంచి విన్నాను. రొద వస్తోంది, వస్తోంది, ఆగింది. ఆగిన చోట చిన్న గాలి శబ్దం. మళ్లీ రొద. మళ్లీ ఆగింది, మళ్లీ గాలి.

ఊపిరి. అది ఊపిరి తీసుకుంటోంది.

ఫ్యాన్ ఊపిరి తీసుకోదు. కుర్చీ వెనక్కి నెట్టేసి లేచాను. గదిలో ఎవరూ లేరు. ఆయన కుర్చీ, ఆయన టేబుల్, గొంతు మారుమోగకుండా గోడలకి నేను వేలాడదీసిన బొంతలు. డ్రాయర్లో ఆ పొట్లం. మీరేనా అని అడిగాను, పైకే అడిగాను. సిగ్గేసింది. మళ్లీ అడిగాను.

జూన్ 22, ఆదివారం

ఆ గదిలోకి వెళ్లలేదు.

జూన్ 23, సోమవారం

వెళ్లాను. దెయ్యమైనా మొగుడే కదా, నన్నేం చేస్తాడని వెళ్లాను.

స్విచ్ వేశాను. యూపీఎస్ కుయ్యిమంది. రికార్డు మొదలుపెట్టి, హెడ్‌ఫోన్స్ తీసేసి, కంప్యూటర్ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది, అదురు లేదు. టేబుల్ మీద వేశాను, లేదు. మైకు వెనక గోడ మీద బొంత తప్పించి అరచెయ్యి ఆనించాను.

గోడ అదురుతోంది.

ఆ గోడ అవతల అత్తయ్య మంచం ఉంది. తలుపు చప్పుడవుతుందని వసారా మీదుగా చుట్టూ తిరిగి, చెప్పుల్లేకుండా వెళ్లి ఆవిడ కిటికీలోంచి చూశాను. మంచం మీద కూర్చుని ఉన్నారు, నాకు ఒక పక్క ముఖమే కనిపిస్తోంది. నుదురు గోడకి ఆనించారు. చెయ్యి కూడా గోడ మీద పరిచారు, జ్వరమొచ్చిన పిల్లాడి ఒంటి మీద వేసినట్టు. నోరు మూసుకునే ఉన్నారు. గొంతులోంచి వస్తోంది ఆ రొద. ఊపిరి అయిపోగానే ఆగి, గాలి పీల్చుకుని, మళ్లీ అదే ఎత్తులో.

ముందు ఒళ్లు మండింది. డబ్బాల మీద డబ్బాలు మార్చాను, షాపాయన ముందు పిచ్చిదాన్నయ్యాను, ఉద్యోగం ఊడే దాకా వచ్చింది. వెళ్లి అడిగేద్దామనే అనుకున్నాను. కానీ వసారాలో చతికిలబడ్డాను. ఏడాది నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

జూన్ 24, మంగళవారం

ఆవిడ పక్కదుప్పటి మారుస్తూ మెల్లగా ఆ మాట కదిపాను. ముందు, నేనా, నేనెందుకు మూలుగుతానే అన్నారు. తర్వాత దిండు గలీబు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టారు.

చెప్పారు. వాడు లేడని నాకు తెలియకేం, మతి పోయిందనుకోకు అన్నారు. ఆ రొద ఉన్నంతకాలం పక్కగదిలో పని జరుగుతున్నట్టుండేదట, కునుకు పట్టేదట. కొత్తది వచ్చిన రోజు కుయ్యిమన్నది విని, తర్వాత రొద కోసం చూశారట. రాలేదట. ఎంతకీ రాకపోతే తనకు తెలియకుండానే గొంతులోంచి వచ్చేసిందట. నీ పనికి అడ్డమని తెలిస్తే నోరు కుట్టేసుకునేదాన్ని కదే, నీ కూడు పోతుంటే నేను మూలుగుతూ కూర్చుంటానా అన్నారు.

ఇంక ఆ రొద చెయ్యనని చెప్పి, నా చేతిలోంచి దుప్పటి లాక్కుని తనే పరుచుకున్నారు.

జూన్ 27, శుక్రవారం

శుభ్రమైన ఫైలు వెళ్లింది. ఎడిటర్ అమ్మాయి ఫోన్లో కేక పెట్టింది. ఈ పుస్తకం నాదే, తర్వాత ఇంకో రెండు కూడా ఇస్తారట.

సంతోషంగా ఉండాలి. అత్తయ్య అన్న మాట నిలబెట్టుకున్నారు, కానీ మధ్యాహ్నాలు తన గదిలోకి వెళ్లట్లేదు. హాల్లో కిటికీ నుంచి తలుపుకి, తలుపు నుంచి కిటికీకి తిరుగుతున్నారు. పడుకోండంటే నిద్ర రావట్లేదంటారు. రెండు ముద్దలు తిని లేస్తున్నారు. ఇల్లు సామాను తీసేసిన ఇల్లులా ఉంది.

జూలై 1, మంగళవారం

షాపాయన నన్ను చూడగానే చేతులు జోడించాడు. కంగారుపడకు, నీ డబ్బా బంగారం, ఇప్పుడు నాకు బాగా రొద చేసే పాతది కావాలన్నాను. నోరు తెరిచాడు. అయినా పాత సామానులోంచి ఎస్సెమ్పీఎస్‌లు బయటికి తీశాడు. కంప్యూటర్ లేకుండానే, చిన్న తీగ ముక్క రెండు చిల్లుల్లో గుచ్చితే ఫ్యాన్ తిరుగుతుంది. ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. నేను కళ్లు మూసుకుని విన్నాను. ఇది సన్నం, ఇది బొంగురు, ఇది మరీ గరగర. వాట్స్ అడగలేదు, వారంటీ అడగలేదు. ఒకటి విన్నాక ఒళ్లు జలదరించింది. అది తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి, ఆయన టేబుల్ మీద పెట్టి తిప్పాను. అత్తయ్య తన గదిలోకి వెళ్లి గోడ పక్కన కూర్చున్నారు. చాలాసేపు విన్నారు. బయటికొచ్చి నా బుగ్గ నిమిరారు. బాగుంది తల్లీ, కానీ అది ఉత్త ఫ్యానే అన్నారు.

జూలై 6, ఆదివారం

ఆడపడుచు వచ్చి వాళ్లమ్మని తీసుకెళ్లింది. మనిషి సగమైపోయింది, కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకుంటానంది. తన తప్పు లేదు.

ఆటో ఎక్కబోతూ అత్తయ్య వెనక్కి తిరిగారు. రోజూ స్విచ్ వేస్తావుగా అని అడిగారు. వేస్తానన్నాను.

జూలై 9, బుధవారం

ఇంట్లో నేనొక్కదాన్నే. తొమ్మిదో చాప్టర్‌కి ముందు ఖాళీ గది రికార్డు చేశాను. విన్నాను.

ఉంది. అదే ఎత్తు. మధ్యలో ఊపిరి.

అద్దం తెచ్చి ఎదురుగా పెట్టుకుని మళ్లీ రికార్డు చేశాను. నా నోరు మూసే ఉంది. గొంతు కదులుతోంది.

ఆడపడుచుకి ఫోన్ చేసి, ఫోను అత్తయ్య చెవి దగ్గర పెట్టమన్నాను. ఏం మాట్లాడతావంది. ఏమీ లేదన్నాను. నా ఫోను మైకు పక్కన పెట్టి, ఈసారి గొంతు ఆపకుండా కూర్చున్నాను.

కాసేపటికి అటువైపు నుంచి కూడా మొదలైంది.