గాలి దూరే చోటు

మార్చి 29, శనివారం

పిన్ని కొడుకు గుస్తావ్ దగ్గర కొన్న పాత మంచుబండి ఇవాళ ఇంటికి తెచ్చుకున్నాను. రేజ్ చేస్తే బాగానే పరుగెడుతుంది. వదిలేస్తే మాత్రం ఇంజను కుదురుగా ఉండదు. ఒకసారి పైకి లేస్తుంది, ఒకసారి దగ్గుతుంది, ఆఖరికి ఆగిపోతుంది. ఇదేమిట్రా అని అడిగితే, ముసలి బండి బెనిగ్నక్కా, ఊరికే నిలబెడితే దానికి నిద్రొస్తుంది అన్నాడు.

అమ్మ కిటికీలోంచి చూసి, దీని మీదేనా మనం వెళ్ళేది అంది. అవునన్నాను.

ఈస్టర్ తెల్లవారుజామున పాత ఊరి సమాధుల దగ్గర నిలబడాలని అమ్మ కోరిక. ప్రభుత్వం ఆ ఊరు ఖాళీ చేయించి అందరినీ ఓడెక్కించినప్పుడు అమ్మ చిన్నపిల్ల. తన చెల్లెలు మార్తా అక్కడే మట్టిలో ఉండిపోయింది. వేసవిలో అమ్మ పడవ మీద వెళ్ళి చూసి వచ్చింది గానీ, ఈస్టర్‌కి ఎన్నడూ వెళ్ళలేదు. వచ్చే ఏడాదికి తన మోకాళ్ళు ఒప్పుకోవంటోంది.

మార్చి 31, సోమవారం

తమ్ముడు ఎఫ్రాయిమ్ వచ్చి బండి చూశాడు. ఈస్టర్‌కి వాడు మాతో రాలేడు, ఆ తెల్లవారుజామున ఇక్కడి సమాధుల దగ్గర వాయించే చర్చి బ్యాండులో ట్రంపెట్ వాడిదే. గుస్తావ్ సీల్ జంతువుల వేటకి అటే వెళ్తున్నాడు కాబట్టి వాడి వెనకే మేమూ వెళ్ళాలనుకున్నాం. అమ్మని గుస్తావ్ బండి మీదే ఎక్కించొచ్చు కదా అన్నాడు ఎఫ్రాయిమ్. వాడు తోలే తోలుడికి ఈస్టర్ రాకముందే నేను పైకి పోతాను అంది అమ్మ.

ఎఫ్రాయిమ్ నవ్వలేదు. అక్కా, నిలబెడితే ఆగిపోయే బండి మీద అమ్మని గడ్డకట్టిన సముద్రం మీదికి పంపను. పగుళ్ళ దగ్గర ఆగాలి, దిగి కర్రతో మంచు పొడిచి చూడాలి. అక్కడ ఇంజను చచ్చి, కింద మంచు కదిలితే ఏం చేస్తావ్? అన్నాడు.

వాడి మాట న్యాయమే.

ఏప్రిల్ 2, బుధవారం

ప్లగ్గులు కొత్తవి వేశాం. పాత పెట్రోలు తీసేసి కొత్తది పోశాం. అదే దగ్గు.

ఏప్రిల్ 5, శనివారం

ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి ఇచ్చే రెండు కార్బురేటర్లూ ఎఫ్రాయిమ్ విప్పి వంటింటి బల్ల మీద పెట్టాడు. పెట్రోలు చిమ్మే జెట్లలో పసుపుపచ్చ జిగురు పట్టి ఉంది. గిటారు తీగతో సన్న కన్నాలన్నీ పొడిచి, కడిగి, మళ్ళీ బిగించాడు. చేపల పులుసు నిండా పెట్రోలు వాసనే. అమ్మ మాత్రం రెండోసారి వడ్డించుకుంది.

ఇంజను కాస్త మెరుగు, అంతే. నిమిషం తిరగకుండానే ఆగిపోయింది.

టీకి వచ్చిన గుస్తావ్, దాన్నొకసారి గట్టిగా తిట్టి చూడక్కా, నువ్వు ఎవర్నీ తిట్టవు, అందుకే దానికి భయం లేదు అన్నాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఆదివారం బండి ముట్టుకోను. చర్చిలో ఆర్గన్ వాయించాను. రెండో కీర్తనలో స్వరం కిందికి జారి, మళ్ళీ పైకి లేచింది. తిత్తి తోలు మళ్ళీ ఎక్కడో చిరిగినట్టుంది. గాలి పోయేటప్పుడు ఆర్గన్ ఇలాగే అవుతుంది.

ఇలాగే. అచ్చం బండిలాగే.

పాస్టరు గారు వాక్యం చెబుతున్నంతసేపూ ఇంజను గురించే ఆలోచించాను. ప్రభువా, క్షమించు.

ఏప్రిల్ 7, సోమవారం

తిత్తిలో చిరుగు వెతకడానికి నేను రబ్బరు పైపు ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస తోలు వెంట జరుపుతాను. ఇవాళ ఇంజను దగ్గర అదే చేశాను. రెండో కార్బురేటర్‌కీ ఇంజనుకీ మధ్య పొట్టి రబ్బరు గొట్టం ఉంటుంది. దాని అడుగున సన్నగా బుస వినిపించింది. విప్పి వంచితే పగులు నోరు తెరిచింది. వంచకపోతే కనబడదు.

ఎఫ్రాయిమ్ మళ్ళీ బిగించి, ఇంజను నడుస్తుండగా అక్కడ కొంచెం క్లీనర్ స్ప్రే చేశాడు. ఇంజను దాన్ని లోపలికి పీల్చింది, శబ్దం ఠక్కున మారింది. అక్కడినుంచే గాలి దూరుతోంది. అక్కా, నీ చెవులు మా బ్యాండుకి ఇచ్చెయ్ అన్నాడు.

కొత్త గొట్టం కోసం ఫోన్ చేశాం. విమానంలో రావాలి.

ఏప్రిల్ 11, శుక్రవారం

మా ఉత్తర లాబ్రడార్ తీరమంతటా మంచు తుఫాను అంటోంది రేడియో. విమానం లేదు.

ఏప్రిల్ 12, శనివారం

విమానం లేదు. సీలు తోలుతో గొట్టానికి ఒక తొడుగు కుట్టాను. బూట్లకి వేసే కుట్టే. సూది తోలు సగం లోతుకే దిగాలి, అవతలికి రాకూడదు. జంతువు నరంతో చేసిన దారాన్ని నోట్లో తడుపుతూ కుట్టాలి. అమ్మ నేర్పిన పని. నేను కుట్టిన బూట్లలోకి చుక్క నీరు దిగిందని ఎవరూ అనలేదు.

తొడుగు వేసి బిగించాం. ఇంజను నిలకడగా నిలిచింది. గుస్తావ్ చూసి, ఇంకేం, బండికి కూడా బూట్లు తొడిగావు, ఇక చర్చికి తీసుకెళ్ళు అన్నాడు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

దేవునికి స్తోత్రం.

ఏప్రిల్ 15, మంగళవారం

తొందరపడి స్తోత్రం చెప్పాను.

తుఫాను తగ్గాక అఖాతం చుట్టూ తోలి చూశాను. ఇంజను బాగా వేడెక్కాక మళ్ళీ దగ్గు మొదలైంది. కొట్టు ముందు అందరూ చూస్తుండగా ఆగిపోయింది.  

గొట్టం విప్పి తెచ్చి బల్ల మీద పెట్టాను. అమ్మ కుట్టు మీద బొటనవేలు రాసి చూసి మండిపడింది. పిచ్చిదానా, నరం నీళ్ళకి ఉబ్బుతుంది, అందుకే కన్నం మూసుకుంటుంది. పెట్రోలుకి ఉబ్బుతుందా? నీ ఉమ్మి తడి ఉన్నన్నాళ్ళు ఆగింది, వేడికి ఆరిపోయింది. గాలి ఆపమంటే చుట్టూ కన్నాలు పొడిచి పెట్టావు. అసలు నిన్ను సూది ఎవరు పట్టుకోమన్నారే?

యాభై ఏళ్ళొచ్చినా అమ్మ తిడితే తల వంచుకునే నిలబడతాను.

ఏప్రిల్ 16, బుధవారం

కొత్త గొట్టం ఇంకా రాలేదు. తాతయ్య తుపాకీ మడమ పగిలితే పచ్చితోలు చుట్టి ఆరబెట్టేవాడట, ఆరేకొద్దీ అది బిగుస్తుంది. అమ్మ అదే చేయించింది. వెంట్రుకా కొవ్వూ గీకేసిన తోలుపట్టీ నీళ్ళలో నానబెట్టాం. నొక్కుకుపోకుండా గొట్టం లోపల గుండ్రటి కర్రముక్క దూర్చాం. నేను కుట్టిన తొడుగు తీసేసి, తడి తోలుని లాగి లాగి చుట్టాను. లాగు, ఇంకా లాగు, అన్నం తినలేదా అంటూ అమ్మ పక్కనే నిలబడింది. చుట్టూ తాడు బిగించి పొయ్యి పైన వేలాడదీశాం.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

ఇవాళ పని చెయ్యం. తోలు ఆరుతోంది. అది తోలు చేసే పని, మనది కాదు అంది అమ్మ.

ఏప్రిల్ 19, శనివారం

తోలు ఎముకలా గట్టిపడింది. గోటితో కొడితే టక్కుమంది. ఎఫ్రాయిమ్ పొద్దున్నే వచ్చి బిగించి, తనే అఖాతం చుట్టూ చాలాసేపు తోలాడు. తిరిగొచ్చి బండి వాకిట్లో నిలబెట్టి, ఇంజను ఆపకుండానే లోపలికి వచ్చి కూర్చున్నాడు. టీ పోశాను. ముగ్గురం బయటికే చెవులు పెట్టాం. కప్పు ఖాళీ అయింది. ఇంకో కప్పు అడిగాడు. అదీ తాగేశాడు.

అమ్మకి రెండు దుప్పట్లు కప్పు, పగుళ్ళ దగ్గర గుస్తావ్‌ని ముందు దాటనియ్ అన్నాడు.

బయల్దేరుతున్నాం.

ఏప్రిల్ 20, ఈస్టర్

పాత ఊరు. సమాధులన్నీ మంచు కింద. మార్తా ఎక్కడుందో అమ్మకి తెలుసు, నేరుగా వెళ్ళి నిలబడింది. ఇక్కడ బ్యాండు లేదు. ఇంజను ఆపబోతే వద్దంది. ఉండనీ, శ్రుతికి అదొక్కటేగా ఉంది అంది.

సూర్యుడు రాగానే పాట ఎత్తుకుంది. నేనూ కలిశాను. ఇంజను ఒక్కసారీ దగ్గలేదు.