పెయింటరుగారి పెరటి కుళాయి

ఏమండీ పెయింటరుగారూ,

లేవగానే ట్యాంకరువాడికి ఫోన్ చేయండి. బతిమాలుకుంటారో, కాళ్లే పట్టుకుంటారో మీ ఇష్టం.

నిన్న సాయంత్రం పెరట్లో కుళాయి తిప్పి చూసి, చుక్క రావట్లేదని కట్టకుండానే వచ్చి పడుకున్నారు. మూడు రోజులకోసారి వచ్చే నీళ్లు తెల్లవారుజామున వచ్చాయి. డ్రమ్ములోకి రావాల్సినవి కాస్తా కాలవలో పడి వీధి చివరిదాకా షికారుకెళ్లాయి. ఎక్కడ ఆగాయో తెలుసా? "నీటిని వృథా చేయకండి" అని పోయిన వారం మీరే మూరెడేసి అక్షరాలతో రాసిన గోడ కింద. ఆ మడుగులో మీ అక్షరాలు తలకిందులుగా ఎంత ముద్దుగా ఉన్నాయో!

పక్కింటి పిన్నిగారు గుమ్మంలో నిలబడి, "నీళ్లకి చదువు రాదు సరే, రాసినాయనకి కూడా రాదా అమ్మాయ్?" అంది.

అన్నం, కూర మూతపెట్టాను. తిన్న కంచం కడిగి పుణ్యం కట్టుకోకండి, అలాగే ఉంచండి.

స్నానం లేకుండానే ఆస్పత్రికి పోతున్నాను. వార్డులో అందరినీ చేతులు కడుక్కోమని గదమాయించే నర్సమ్మని నేనే మరి.

స్నానాలగదిలో మూతపెట్టిన బకెట్ ఉంది. ఇంట్లో మిగిలింది అదొక్కటే. రంగు ఒంటి మీద ఎండితే మీకు దద్దుర్లు లేస్తాయని ఉంచాను. అంతేగానీ, ప్రేమ పొంగి కాదు. అందులో బ్రష్షులు ముంచారో, ఇవాళ్టి నుంచి మీ పడక ఆ గోడ కిందే.