రష్యా దొరసాని బొమ్మ కింద నీ పేరు

బుజ్జమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పాత రష్యా పుస్తకం చూసి నువ్వు గీసిన దొరసాని బొమ్మను ఈరోజు నీ బడికి ఇచ్చాను. మొగుడు పోయినా జంకకుండా తన మేడలోనే కూలోళ్ల పిల్లలకు బడి పెట్టిందని ఆమె కథ నువ్వే చెప్పావు. పుస్తకంలో ఆ బొమ్మ గీసినవాళ్ల పేరు లేదని నువ్వూ నీ పేరు రాయలేదు.

నేను రాయబోతే మీ చిన్నాయన అడ్డొచ్చాడు. "పోయినోళ్ల పేరు బళ్లె ఎందుకు వదినా? జర ఊకో."

"ఎందుకు ఊకోవాలె? దొరసాని శాలువాకు గద్వాల అంచు ఎవరేసిండ్రు? నా బిడ్డ! పేరు నేనే రాస్త."

వంకరగానే అయినా పూర్తి పేరు రాశాను. పెద్దసారు తన గదిలో పెడతానన్నా ఒప్పుకోలేదు, ఆడపిల్లల తరగతిలో పెట్టించాను.

జొన్నరొట్టె నీకూ పెట్టాను. కడుపునిండా తిను, బిడ్డా.