ప్రింటర్ ముందు, త్రాసు తర్వాత

మే 6, మంగళవారం

తూకం ఆపరేటర్ కొండలన్నకు అన్యాయం జరిగింది. చేసింది మా మేనేజర్ శ్రీరామమూర్తి. శనివారం ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో మేం రాసిన తూకం సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది. మందుల పెట్టెలు ఎండలో నిలిచి పాడయ్యాయి. రిపోర్టులో మూడే మాటలు: ఆపరేటర్ తప్పుగా నొక్కాడు. కొండలన్న గేట్ పాస్ లాగేసుకున్నారు.

క్యాబిన్‌లోకి వెళ్లి అరిచాను. ఆవేశం వద్దు, రుజువు ఉంటే తీసుకురండి అన్నారు. బయట అందరూ మానిటర్లలో తలలు దూర్చారు.

మే 7

కరపత్రం రాసి క్యాంటీన్‌లో పంచాను. ఐదింటికి కార్గో గేటు దగ్గరికి రమ్మన్నాను. వచ్చింది కొండలన్న ఒక్కడే. నాకోసం మీటింగు వెట్టి నన్నే కూసోవెడితివి, గిదేం మీటింగు చెల్లె అని నవ్వాడు. టీ కూడా ఆయనే తాగించాడు.

మే 10, శనివారం

విమానం పోయినప్పుడల్లా కిటికీ అద్దం గలగలమంటుంది. ఈ గదిలో వేరే చప్పుడు లేదు.

నా అనుమానం డెడ్‌లాక్. ప్రోగ్రాములో ఒకేసారి నడిచే పనులే థ్రెడ్లు. ఒకటి త్రాసును ఇంకొకటి వాడకుండా దాని తాళం పట్టుకుని ప్రింటర్ తాళం కోసం ఆగుతుంది. ఇంకొకటి ప్రింటర్ తాళం పట్టుకుని త్రాసు కోసం. రెండూ కదలవు. కానీ వందసార్లు నడిపినా మళ్లీ బిగుసుకోలేదు.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ తన తాళాలను తనే తనిఖీ చేసుకునే కోడ్ ఉంది, లాక్‌డెప్. దాన్ని మామూలు ప్రోగ్రాములకూ తగిలించే లైబ్రరీ లినక్స్ పాత సోర్స్ కోడ్‌లో దొరికింది. ప్రోగ్రాము బిగుసుకునేదాకా అది ఆగదు. తాళాలు ఏ వరుసలో పట్టారో రాసుకుంటుంది, వరుస ఒక్కసారి తిరగబడినా పట్టిస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసి అందరికీ వదిలేశారు. ఉమ్మడి ఆస్తి అంటే ఇదీ.

మే 13

ఆ లైబ్రరీ బిల్డ్ కాలేదు.

మే 15, మధ్యాహ్నం 3:20

దొరికింది. మొదటి రన్‌లోనే. అన్నిచోట్లా ముందు త్రాసు, తర్వాత ప్రింటర్. ఒక్కచోట తలకిందులు. ఆ లైను ఎవరు రాశారో కోడ్ హిస్టరీలో చూశాను. మంజుల, డిసెంబర్ 19.

నేనే.

ఆ రోజు కొండలన్నే అడిగాడు, లేబుల్ జర జల్దీ వచ్చేటట్టు చెయ్ చెల్లె, హమాలీలు నిలవడి నిలవడి పరేషాన్ అయితున్నరు అని. ఎవరికీ చూపించకుండా ప్రింటర్‌ను ముందుకు తెచ్చాను. కార్మికులకు మేలు చేశానని ఈ డైరీలోనే రాసుకున్నాను.

మే 16

శ్రీరామమూర్తి గారు నేనిచ్చిన రుజువు రెండుసార్లు చదివి తలుపు వేశారు. కోడ్ సరిచేసి ఊరుకోండమ్మా, మీ భవిష్యత్తు కూడా చూసుకోవాలి కదా అన్నారు. నాతో ఇంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు కోపం రాలేదు. అందుకే భయమేసింది.

సాయంత్రం కొండలన్న ఫోన్. బుద్వేల్‌ల వాచ్‌మన్ పని అడిగిన, ఇస్తరో ఇయ్యరో, నువ్వు ఇగ పరేషాన్ గాకు అన్నాడు. చెబుదామని నోరు తెరిచాను. అన్నం తిన్నవా అని అడిగి పెట్టేశాడు.

మే 18

కరపత్రం:

కొండల్ తప్పుగా నొక్కలేదు. తప్పు లైను రాసింది నేను, మంజుల. రుజువు చదివి వినిపిస్తాను, ఒక్కరున్నా సరే. రేపు సోమవారం, ఉదయం పదకొండింటికి, కార్గో గేటు దగ్గరికి రండి.