దుకాణంవాడు ఇచ్చిన వైరు

ఏమయ్యా,

చెబుతున్నది నేను, రాస్తున్నది మన మనవరాలు లత. నిన్ననే నీ సంవత్సరీకం అయింది. ఈ అన్యాయం రేడియోలు బాగుచేసిన నీకే చెప్పాలి.

వీడియో ఆటలకు బొమ్మలు చేసే ఉద్యోగం కోసం లత ఎల్లుండిలోగా ఒక కదిలే బొమ్మ చేసి పంపాలి. ఆ బరువు మోయలేక దాని ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోతోంది. అందుకని గ్రాఫిక్స్ కార్డు ఉన్న పెట్టె ఒకటి కొని, బయటి నుంచి వైరుతో తగిలించింది. పెట్టెలో ఫ్యాన్ తిరిగింది కానీ ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టలేదు.

రెండూ మోసుకుని, నాందేడ్‌లో కొన్న దుకాణానికే పోయాం. వాడు పెట్టెను ముట్టుకోనైనా లేదు.

"ఆడపిల్లకు గీ సామాను ఏం తెలుస్తది? నువ్వే ఖరాబ్ చేసినవ్. ఇంట్ల మొగోళ్లుంటే తోలియ్యి."

నాకు ఒళ్లు మండింది.

"మా ఆయన ఏ రేడియో అచ్చినా ముందుగాల వైరు చూస్తుండె. నువ్వు చూసినవా ర?" అని అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

నా పోరు పడలేక వేరే వైరు పెట్టాడు. బొమ్మ ఆగకుండా కదిలింది. వాడు ముందు ఇచ్చింది ఫోన్ ఛార్జింగ్ వైరట!

"తప్పయింది అవ్వా."

"నాకెందుకు చెప్తవ్? పిల్లకు చెప్పు."

చెప్పాడు. ఇదేమందో తెలుసా? "ఏం కాదు తియ్యన్నా" అంది. ఏం కాదట! ఈ మాట రాయనంటే గద్దించి రాయించాను.

అంతా నీ పోలికే. ఛాతీ నొప్పికి దవాఖానకు పోదామంటే నువ్వూ ఏం కాదనే అన్నావు.