నున్నటి అంచు

నాయినా,

నీ కొడుకుతోని నాకు యాష్టకొచ్చింది. పట్టుపురుగును ఉడకబెట్టకుండ, అది గూడు ఇడిసి ఎగిరిపోయినంక తీసిన పట్టే నేనమ్మే చీరలల్ల ఉంటదని హైదరాబాదుల అందరికీ చెప్పుకున్న. ఆ దారం గరుకు, మాటిమాటికి తెగుతది, నాకు తెల్వదా? అయినా గద్వాలల అన్నకు పంపి అంచుకు గదే పెట్టమన్న. చీరొచ్చింది. అంచు జర ఎక్కువనే నున్నగుంది. ఫోన్ చేసి అడిగితే, మామూలు ఉడకబెట్టిన పట్టే పెట్టినన్నడు అన్న.

"నాయిన మగ్గం మీదికెళ్లి గరుకంచు ఎట్ల దించాలె చెల్లే?"

నువ్వున్నా గదే అందువు. గిట్ల నేర్పి పోతివి, ఇగ నేనెవర్ని తిట్టాలె? అమ్ముదామంటే అబద్ధమైతది. పదేండ్ల సంది ఉడకబెట్టిన పట్టు ఒంటిమీద ఏసుకోలే. ఇయ్యాల నీ సంవత్సరీకానికి ఆ చీరనే కట్టుకున్న.